అట్టముక్క మీద మరక

శనివారం రాత్రి

పొద్దున కాఫీ కప్పుతో గ్యారేజీలోకి వెళ్ళి కారు కిందనుంచి అట్టముక్క బయటికి లాగాను. ఏడాదిగా నాకు తెల్లారేది ఇలాగే. ఇంటికొచ్చిన అట్టపెట్టె ఏదీ చెత్తలోకి పోనివ్వను. విప్పి పరిచి, మార్కరుతో తేదీ వేసి, ముందువైపు ఏదో తెలియడానికి బాణం గీసి కారు కింద తోస్తాను. ఇవాళ్టి అట్ట మీద ఆయిల్ మరక ఎప్పటి చోటే, గేర్‌బాక్సు ఇంజనుతో కలిసే దగ్గర. గురువారం రూపాయి బిళ్ళంత ఉన్నది ఇవాళ పూరీ అంత అయింది.

కారు 1988 నాటి మాజ్డా ఆర్‌ఎక్స్-7. నాకంటే ఒక్క ఏడాది చిన్నది. నాలుగేళ్ళ కిందట ఇక్కడే డల్లాస్‌లో కొన్నాను. అమ్మినాయన అప్పుడే చెప్పాడు, కొంచెం ఆయిల్ కారుతుందని. పెళ్ళిచూపుల్లో అబ్బాయికి కాస్త కోపం ఎక్కువ అని చెప్పినట్టు చెప్పాడు. నేనూ అలాగే విన్నాను.

ఈ ఇంజను సంగతి నాన్నకి చెప్పడానికి రెండు ఆదివారాలు పట్టింది. తెనాలి పక్క మా ఊళ్ళో ఆయన జీవితమంతా రైతుల ఆయిలింజన్లు బాగుచేశారు. "పిస్టన్ లేకుండా ఇంజనేంట్రా?" అన్నారు. మూడు మూలల రోటర్లు రెండు ఉంటాయి నాన్నా, ఒక్కోదానికి 654 సీసీ, పైకీ కిందకీ కొట్టుకోవు, తిరుగుతాయంతే అన్నాను. నమ్మలేదు. టిఫిన్ క్యారియర్‌ని అడ్డంగా పడుకోబెట్టినట్టు ఐదు ముక్కలు వరసగా పేర్చి, ఈ చివరనుంచి ఆ చివరకి పొడుగాటి బోల్టులు వేసి బిగిస్తారు అంటే అప్పుడు ఊఁ కొట్టారు. వెంటనే, "ఐదు ముక్కలైతే అడుగున చాంబర్ సమంగా ఎలా కూచుంటుందిరా?" అని అడిగారు.

చాంబర్ అంటే ఇంజను అడుగున ఆయిల్ నిలిచే రేకు తొట్టి. మంచి ప్రశ్న. నన్ను ఆరు నెలలు తప్పుదోవ పట్టించింది కూడా ఈ ప్రశ్నే. మామూలు ఇంజనుకి అడుగంతా దాదాపు ఒకే పోత. దీనికి మూడు ఇనప ముక్కలు, వాటి మధ్య రెండు అల్యూమినియం ముక్కలు, ముందు ఒక కవరు. ఆయిల్ చాంబర్ అంచు ఈ అతుకులన్నిటి మీదా కూర్చోవాలి. పైగా ఇనుమూ అల్యూమినియమూ వేడికి ఒకేలా సాగవు. ఇంకేం, దొంగ దొరికాడనుకున్నాను.

మార్చిలో నానా తంటాలు పడి చాంబర్ దించాను. పాత సీలెంట్ గీకి, బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, కొత్తది పెట్టి బోల్టులు గట్టిగా బిగించాను. ఆ గట్టిగా బిగించడమే తప్పు. అది రేకు. చేతిలో బలం ఉంది కదా అని తిప్పితే బోల్టు దగ్గర నొక్కుకుపోతుంది, రెండు బోల్టుల మధ్య సందు వదులుతుంది. మేలో మళ్ళీ దించి, బోల్టు రంధ్రాల చుట్టూ వంగిన రేకుని సుత్తితో సమం చేసి, ఈసారి సున్నితంగా బిగించి, ఒక రోజంతా ఆరనిచ్చాకే ఆయిల్ పోశాను. పక్కల చెమ్మ ఆగింది. వెనక మరక మాత్రం ఎప్పటిలాగే.

జూన్‌లో ఒక గ్యారేజీకి తీసుకెళ్తే లిఫ్ట్ ఎక్కించి, కిందనుంచి లైటు వేసి చూసి, వెనక మెయిన్ సీల్, అంటే ఇంజను ఇరుసు వెనకనుంచి బయటికొచ్చే చోట ఆయిల్ ఆపే రింగు, పోయిందన్నారు. దానికి గేర్‌బాక్సు దించాలి, క్లచ్ తీయాలి, 54 మిల్లీమీటర్ల నట్టు విప్పి ఫ్లైవీల్ లాగాలి. ధర విని, ఆలోచించి చెప్తానని వచ్చేశాను. వాళ్ళని అనడానికి లేదు, నా అనుమానమూ అదే.

డిప్‌స్టిక్, అదే ఆయిల్ మట్టం చూసే పుల్ల, చూసి ఎంత కారిందో లెక్క కట్టడానికీ వీల్లేదు. ఈ ఇంజను తయారీలోనే ఆయిల్ తాగుతుంది. రోటరు మూలల్లోని సీళ్ళు అరిగిపోకుండా ఒక చిన్న పంపు కొలతగా ఆయిల్ లోపలికి వదులుతూ ఉంటుంది, అది పెట్రోలుతో పాటే కాలిపోతుంది. చిన్నప్పుడు బంకులో స్కూటర్లకి పెట్రోలులో ఆయిల్ కలిపి పోసేవాళ్ళు కదా, ఆ సంబంధమే. తాగింది ఎంతో, కార్చింది ఎంతో అట్టముక్కకే తెలియాలి.

పోయిన వారం నాన్నతో ఇదంతా చెప్పి విసుక్కుంటే, "శుభ్రంగా తుడిచి సున్నం రాయరా. కాసేపు ఇంజను వేసి చూడు" అన్నారు. ఇంత చిన్న మాట. డల్లాస్‌లో తాంబూలం సున్నం తప్ప వేరే సున్నం ఎక్కడ దొరుకుతుందో నాకు తెలియదు. కాబట్టి ఇవాళ పాప పౌడర్ డబ్బా పట్టుకొచ్చాను. "పౌడర్ ఏది?" అని లోపలినుంచి మా ఆవిడ కేక. వినపడనట్టు ఊరుకున్నాను.

ఇంజను వెనక భాగమంతా డిగ్రీజర్ కొట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, ఆరాక పౌడర్ జల్లాను. కింద మాత్రమే కాదు, పైనా జల్లాను. ఇరవై నిమిషాలు ఇంజను ఆన్‌లో ఉంచి, టార్చి వేసుకుని వంగి చూస్తే, విభూది పూసిన నుదుటి మీద చెమట దిగినట్టు సన్నటి నల్లటి చార ఒకటి. అది మొదలయ్యేది మెయిన్ సీల్ దగ్గర కాదు. జానల కొద్దీ పైన, ఇంజనుకీ మనం కూర్చునే చోటుకీ మధ్య ఉండే ఫైర్‌వాల్ అనే అడ్డు రేకు పక్కన, ఆయిల్ ఫిల్టరు కూర్చునే అల్యూమినియం దిమ్మె అడుగున. అక్కడ పుట్టి, వెనక ఇనప ముక్క మీదుగా జారి, గేర్‌బాక్సు అతుకు పట్టుకుని, అన్నిటికంటే కింది చోట చుక్కగా రాలుతోంది. అక్కడి తడి ఇన్నాళ్ళూ నేను చూడక కాదు. ఫిల్టరు మార్చినప్పుడల్లా అక్కడ ఎలాగూ ఆయిల్ ఒలుకుతుంది, అదేలే అనుకున్నాను.

ఇంజను చల్లారేదాకా ఆగి దిమ్మె విప్పాను. కింద రెండు ఓ-రింగులు. గుండ్రంగా ఉండాల్సిన రబ్బరు నాలుగు పలకలుగా అణిగిపోయి, గాడిలో అతుక్కుపోయి ఉంది. సన్నటి పుల్లతో లేపబోతే ఎండిన వడియంలా పుటుక్కున విరిగింది. ఈ ఇంజను వేడికి రబ్బరు ముప్పై ఏళ్ళకి పైగా కాగితే ఇంకేమవుతుంది? అసలు కడుపుమంట ఏంటంటే, మార్చిలో చాంబర్ కోసం తెప్పించిన కిట్‌లో ఈ రెండు రింగులూ ఉన్నాయి. ఎనిమిది నెలలుగా కవరు కూడా చించలేదు.

గాడులు తుడిచి, కొత్త రింగులకి వేలితో ఆయిల్ రాసి పెట్టి, బిగించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. మధ్యాహ్నం ఒక రౌండు తిప్పుకొచ్చాను. పాప కూడా ఎక్కింది. కారు తన పౌడర్ వాసన వస్తోందంది.

తొమ్మిదికి ఫోన్ చేశాను, అక్కడ ఆదివారం పొద్దున.

"పైనుంచి నాన్నా. ఫిల్టరు కింద."

"సున్నం రాశావా?"

"పాప పౌడర్ రాశాను."

"పౌడరా!" అని ఆగకుండా నవ్వారు. వెనకనుంచి అమ్మ ఏంటి, ఏమైంది అని అడుగుతోంది. నవ్వు ఆపుకుని, "మరి చాంబర్ రెండుసార్లు ఎందుకు దించావురా?" అన్నారు. మీరు అడగబట్టేగా అందామనుకుని ఊరుకున్నాను.

పడుకునే ముందు వెళ్ళి టార్చి వేశాను. వెనకవైపు అట్ట పొడిగా ఉంది. ముందువైపు, ఆయిల్ కూలర్ గొట్టం బిగించే చోటుకి సరిగ్గా కింద, మిరియపు గింజంత చుక్క ఒకటి కొత్తగా కనపడింది. పక్కన 'శని, రాత్రి 10:40' అని రాశాను. పౌడర్ డబ్బా గ్యారేజీలోనే ఉంచేశాను.