పాల సంచి

మా బ్యాచ్‌లో నన్ను ఇప్పటికీ ‘పాల సంచి’ అని పిలిచేవాళ్లున్నారు. ఆ పేరు సర్జరీ వార్డులో పడింది.

నర్సింగ్ మూడో ఏడాదిలో ఉన్నాం. పేగు ఆపరేషన్ తర్వాత కుట్టు దగ్గర లీకైన ఒకాయనకి నోటితో ఏమీ ఇవ్వకూడదని టీపీఎన్ (పోషకాలన్నీ నేరుగా నరంలోకే ఎక్కించే పద్ధతి) పెట్టారు. స్టాండుకి వేలాడుతున్న తెల్లటి సంచిని చూసి ఆయన భార్య, “నరంలోకి పాలు ఎక్కిస్తున్నారేంటమ్మా?” అంది. “అలాంటిదేనండీ” అనేశాను. మాకు పాఠాలు చెప్పే మేడమ్ నా వెనకే ఉన్నారు!

రౌండ్స్ అయ్యాక నాకు క్లాసు పడింది. ఆ తెలుపు కొవ్వుదనీ, గ్రాము డెక్స్ట్రోజ్‌కి, అంటే గ్లూకోజుకి, 3.4 కేలరీలనీ గడగడా అప్పజెప్పాను. “మరి లైను మెడ దగ్గర ఎందుకు వేశారు?” అనేసరికి నోరు పెగల్లేదు. ఆస్మోలారిటీ, అంటే ద్రవంలో కరిగినవాటి గాఢత, 900 దాటితే చేతి నరం తట్టుకోలేదు, వాచిపోతుంది. “పాకం పిల్ల కాలువలో పోస్తే చిక్కగానే ఉంటుంది, గోదాట్లో పోస్తే కనిపిస్తుందా? గుండె దగ్గరి పెద్ద నరం గోదారమ్మా” అన్నారు మేడమ్. 1960ల్లో అమెరికాలో డాక్టర్ డడ్రిక్ బీగిల్ కుక్కపిల్లల్ని కేవలం ఇలా నరం ద్వారానే పెంచారనీ, అవి మామూలుగా తిన్నవాటితో సమానంగా ఎదిగాయనీ చెప్పింది కూడా ఆ రోజే. పరీక్షలో ఎవరూ అడగలేదు గానీ, నాకు బాగా గుర్తుండిపోయింది.

అదే వారం నైట్ డ్యూటీలో తప్పు చేశాను. టీపీఎన్ ఎక్కించే పంపు అలారం మోగితే పంపు ఆపి, ఇంకో బెడ్ దగ్గరికి పరిగెత్తి మర్చిపోయాను. రెండు గంటలు! గుర్తొచ్చాక టెన్షన్‌లో పంపు ఆన్ చేసి, పోయిన టైమంతా కవర్ చేద్దామని రేటు పెంచబోయాను. ఇన్‌ఛార్జి సిస్టర్ చెయ్యి పట్టుకుని ఆపారు. “లేటైన బస్సనుకున్నావా? ముందు షుగర్ చూడు.” 64 వచ్చింది. అన్ని రోజులుగా అంత గ్లూకోజుకి అలవాటుపడి శరీరం ఇన్సులిన్ ఎక్కువగా వదులుతూ ఉంటుంది. సరఫరా ఒక్కసారి ఆగితే షుగర్ పడిపోతుంది. రేటు పెంచితే మళ్లీ అమాంతం ఎక్కుతుంది. డాక్టర్‌కి ఫోన్ చేసి, ఆయన చెప్పిన డెక్స్ట్రోజ్ ఇచ్చి, పాత రేటుకే పంపు పెట్టాం. జరిగింది రిపోర్టులో నాతోనే రాయించారు. రాస్తుంటే ఏడుపొచ్చింది.

కొన్నాళ్లకి ఆయన గంజినీళ్లు తాగారు. “ఇక పాలు ఆపేస్తారామ్మా?” అంది ఆవిడ.

పక్కన కూర్చుని, “అవి పాలు కావండీ” అని మొదలుపెట్టాను. ఒకేసారి ఆపం, తినేది పెరిగేకొద్దీ ఇది తగ్గిస్తాం అని కూడా చెప్పాను. చెప్పి, మేడమ్ ఉన్నారేమోనని ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాను.