మగపెళ్ళివారూ, రెండు డజన్ల యాపిల్స్

అమెరికాలో మా వియ్యాలవారి ఫ్రిజ్ తలుపు మీద అంటించిన కాగితంలో నా పేరు ఉందని మా అబ్బాయి చూపిస్తే, వచ్చే చుట్టాల జాబితా అనుకున్నాను. కళ్ళజోడు పెట్టుకుని చూద్దును కదా, నా పేరుకి ఎదురుగా 'యాపిల్స్ 24, బుధవారం సాయంత్రం 5' అని రాసి ఉంది. అంటే రెండు డజన్ల యాపిల్స్‌కి నేను చెక్కు తీయాలన్నమాట. మగపెళ్ళివాణ్ణి!

మా మండపేట వైపు వియ్యంకుడు గుమ్మంలో అడుగు పెడితే కాళ్ళకి నీళ్ళిచ్చి కూర్చోబెడతారు. కాఫీ చల్లారిందని అలిగి, బస్సెక్కబోయిన మగపెళ్ళివారి కథలు మా వంశంలోనే మూడున్నాయి. ఇక్కడ అలగడానికి కూడా వ్యవధి ఇవ్వలేదు. కోటు విప్పేలోపు కోడలు నవ్వుతూ 'మావయ్యగారూ' అని చేతిలో పీలర్ పెట్టేసింది.

అసలే చిరాగ్గా ఉన్నాను. అది 2023, ఇక్కడివాళ్ళు ఇంటిల్లిపాదీ కూడి విందు చేసుకునే థ్యాంక్స్‌గివింగ్ పండగకి ముందు రోజు. నేపర్‌విల్‌లో మా అబ్బాయి ఇంటి నుంచి ఐ-55 హైవే పట్టుకుని, బ్లూమింగ్టన్ దగ్గర ఐ-74 మీదకి తిరిగితే వియ్యాలవారి ఊరు మోర్టన్‌కి రెండు గంటల పైచిలుకు దారి. ఆ రోజు దేశమంతా పుట్టింటికి బయల్దేరినట్టుంది, నాలుగు గంటలు పట్టింది. రెండు పక్కలా కోసేసిన మొక్కజొన్న చేలు తప్ప చూడ్డానికేం లేదు. మధ్యలో ఆగి ఇద్దరం రెండు కాఫీలు తాగితే పది డాలర్లు. ఎనిమిది వందల ముప్పై రూపాయలు! మా ఆవిడ ఆ లెక్క చెప్పొద్దని ముందే ఒట్టు వేయించుకుంది, అందుకని కారులో నోరు మూసుకున్నాను. ఇక్కడ రాస్తున్నాను.

ఆవిడ గొడవ వేరే. 'తిథి లేని పండగేమిటండీ?' అంటుంది. నవంబరులో నాలుగో గురువారం, అంతే. చంద్రుడితో పని లేదు. 1863లో అంతర్యుద్ధం మధ్యలో లింకన్ దేశమంతా జరుపుకోమని ప్రకటిస్తే, 1941లో చట్టం చేసి ఆ గురువారాన్ని ఖాయం చేశారట. వియ్యంకుడు చెప్పాడు, నా పక్కనే కూర్చుని పెకాన్ పప్పులు ఏరుతూ. లింకన్ ఉన్న ఊరు స్ప్రింగ్‌ఫీల్డ్ దగ్గరే కాబట్టి ఆయనకి లింకన్ పక్క ఊరి పెద్దమనిషి కింద లెక్క. వాళ్ళకి తిథి లేకపోయినా మాకుంది కదా. ఆ 23వ తేదీ సరిగ్గా కార్తీక శుద్ధ ఏకాదశి. ఇరవయ్యేడుగురు కడుపు పట్టుకునేలా తినే రోజున మా ఆవిడ ఉపవాసం.

ఇక ఆ యాపిల్స్‌తో చేసే పైల సంగతి. పై అంటే మైదా పిండి రొట్టెలో పళ్ళో, గుజ్జో, పప్పులో నింపి కాల్చే తీపి వంటకం. మూడు యాపిల్, మూడు గుమ్మడి, ఒకటి పెకాన్, మొత్తం ఏడు. అన్నీ బుధవారమే అయిపోవాలి, ఎందుకంటే ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క అవెన్. గురువారం పొద్దున్న ఎనిమిదింటి నుంచి అది టర్కీ కోడి సొత్తు. ఇరవై రెండు పౌన్లు! గడ్డకట్టిన ఆ కోడి కరగడానికి శనివారం నుంచీ ఫ్రిజ్‌లో ఒక అర మొత్తం ఆక్రమించుకుని కూర్చుంది. మరి పైలు ఎక్కడ పెడతారంటే గరాజ్‌లో. ఇల్లినాయ్‌లో నవంబరు వస్తే గరాజే రెండో ఫ్రిజ్.

నేను ఎనిమిదో యాపిల్‌లో ఉండగా మా ఆవిడ ఊరుకోలేక వంటింట్లోకి వచ్చింది. మైదాలో చల్లటి వెన్న ముక్కలు, ఐసు నీళ్ళు కలిపి వియ్యపురాలు వేళ్ళ చివర్లతో అలా అలా దగ్గరికి చేస్తోంది. పిండి పొడిపొడిగా విడిపోతోంది. ఈవిడకి అది పూర్తికాని పనిలా కనిపించింది. గిన్నె లాక్కుని, చపాతీ పిండిలా పిడికిలితో నాలుగు గుద్దులు గుద్దింది. వియ్యపురాలు రెండు చేతులూ పైకెత్తేసింది. వాళ్ళమ్మగారు, ఎనభై దాటిన ముసలావిడ, కుర్చీలోంచే ఏదో అరిచింది. పిసికితే పిండి సాగుతుందట, చేతి వేడికి వెన్న కరిగిపోతుందట, ఇక పొరలు రావట. కోడలు తెలుగులో చెప్పబోయి, మాటలు చాలక మా అబ్బాయిని పిలిచింది.

'ఓస్, మడత కాజా కదా!' అంది మా ఆవిడ. తాపేశ్వరం మాకు కూతవేటు దూరం. మడతల మధ్య నెయ్యి నిలబడితేనే పొర విచ్చుకుంటుందని ఆవిడకి ఒకరు చెప్పాలా? ఆ తరవాతి ముద్దని కందిపోయే పసిబిడ్డని ముట్టుకున్నట్టు ముట్టుకుంది. పాడైన ముద్దని పారేయలేదు, ఒత్తి పంచదార, దాల్చినచెక్క చల్లి కాల్చారు. పిల్లలు కరకరా నమిలేశారు.

ముసలావిడ మాత్రం సణుగుతూనే ఉంది. పంది కొవ్వు పడని పై ఒక పైయేనా అని. మా కోసం ఈసారి అన్నిట్లోనూ వెన్నే వాడారు. కోడలు అక్టోబరులోనే వాళ్ళమ్మకి చెప్పి పెట్టింది. ఒక యాపిల్ పై మీద గుడ్డు సొన కూడా పూయకుండా పాలు పూసి, పిండితోనే చిన్న ఆకు అతికించారు గుర్తుగా.

గుమ్మడి పై వంతు వచ్చేసరికి నా అహం మళ్ళీ దెబ్బతింది. ప్రపంచ గుమ్మడి రాజధాని అని చెప్పుకునే ఊరు మోర్టన్. దేశంలో డబ్బాల్లో అమ్మే గుమ్మడి గుజ్జులో సింహభాగం ఈ ఊళ్ళో ఉన్న లిబ్బీస్ ఫ్యాక్టరీలోనే తయారవుతుంది. ఇంత ఉండీ, వాళ్ళూ డబ్బానే కోశారు! ఆ గుమ్మడి హాలోవీన్‌కి చెక్కే నారింజ రంగు కాయ కూడా కాదు, డికిన్సన్ అని లేత గోధుమ రంగు కాయ. గుజ్జు, గుడ్లు, చిక్కటి డబ్బా పాలు, చక్కెర, అల్లం పొడి, లవంగం. 425 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో పావుగంట, తరవాత 350కి తగ్గించి ముప్పావుగంట. అంచులు గట్టిపడి, మధ్యలో జున్నులా కదలాలి. చూద్దామని నేను మధ్యలో రెండుసార్లు అవెన్ తలుపు తీశాను. ఫ్రిజ్ మీది కాగితంలో కింద ఎవరో కొత్తగా ఒక వాక్యం రాశారు, నా పేరుతో సహా. అనువదించను.

గురువారం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. మధ్యాహ్నం రెండింటికి భోజనం అన్నారు, రెండింటికే పెట్టారు. మా ఇంట్లో సంక్రాంతికి ఇరవై మంది కూడితే ఆఖరి బంతి లేచేసరికి దీపాలు పెట్టే వేళవుతుంది, ఆడవాళ్ళు తిన్నారో లేదో అడిగేవాడు ఉండడు. ఇక్కడ వియ్యపురాలు అందరితో పాటే కూర్చుంది. గిన్నెలు తోమే వాళ్ళ పేర్లు కూడా కాగితంలో ఉన్నాయి. ఆ వరసలో నా పేరు లేదు, రెండుసార్లు చూసుకున్నాను.

చిలగడదుంపల వంటకం మీద మార్ష్‌మెల్లోలు పరుస్తారు. అందులో జెలటిన్ ఉంటుందని, వాటిని పరవక ముందే నాలుగు దుంపలు విడిగా తీసి తొక్కతో కాల్చి, వియ్యపురాలు మా ఆవిడ ముందు పెట్టింది. ఏకాదశి నాడు చిలగడదుంప తింటారని వియ్యపురాలికి ఎవరు చెప్పారో! మా అబ్బాయి తను కాదన్నాడు. కోడలు కూడా తను కాదంది.

మర్నాడు చిలుకు ద్వాదశి. పొద్దున్నే అందరికంటే ముందు లేచి, స్నానం చేసి, మా ఆవిడ గరాజ్‌లోంచి ఆకు గుర్తున్న పై తెచ్చుకుంది. 'ద్వాదశి పారణకి ఇదేమిటే?' అన్నాను. దేవుడికి చూపించానంది. ఒక ముక్క కోసి, పొరలు వేలితో విడదీసి చూసుకుని, తిని, కాసేపు ఆలోచించింది.

'రెండు యాలక్కాయలు పడాల్సింది' అంది. ఇంకో ముక్క కోసుకుంది.