గుణుపురం షాపులో సోమవారం

ఈ రోజు షట్టర్ పైకెత్తేసరికే మెట్ల మీద ఇద్దరు కూర్చుని ఉన్నారు. బ్యాంకు పని మీద ఊళ్లోకి వచ్చినవాళ్లు మందులు కూడా పనిలో పనిగా కొనుక్కుపోతారు. మందుల షాపుకి సోమవారం అంటే అదే.

మొదట మా వెనక వీధి అత్త. షుగరూ ఉంది, బరువూ ఉంది. "రాత్రిళ్లు అన్నం మానేశాను బాబూ, చపాతీలే" అంది. ఎన్నంటే ఐదట, బంగాళాదుంప కూరతో! పక్క టైలర్ దగ్గర టేపు అడిగి నడుము కొలిపించాను. 98 సెంటీమీటర్లు. ఆడవాళ్లకి 80 దాటితేనే జాగ్రత్త పడమంటారు. చపాతీలు రెండుకి తగ్గించి, బీరకాయో తోటకూరో ఎక్కువ వేసుకోమన్నాను. చోడి (రాగి) అంబలి తాగొచ్చా అంది. చోళ్లు మంచివే, మా ఒడిశాలో చిరుధాన్యాల కోసం సర్కారు 2017లో మిల్లెట్స్ మిషన్ కూడా మొదలుపెట్టింది. అలాగని మెత్తటి పిండితో కాచి చెంబుడు తాగేస్తే షుగర్ ఊరుకుంటుందా?

రెండో ఆయన కొండ మీంచి దిగిన సవర తాత. మోచేతుల దగ్గర ఎముకే తప్ప కండ లేదు. చీటీ మీద పరగడుపు షుగర్ 240. 126 వస్తేనే జబ్బు కింద లెక్క. ఆ చీటీ వెనకే "బరువు తగ్గండి, రోజూ నడవండి" అని అచ్చేసి ఉంది. పొద్దున్నే కొండ దిగి బస్సు పట్టుకున్న మనిషి ఇంకెక్కడ నడుస్తాడు, ఏం తగ్గుతాడు? నాకు ఒళ్లు మండింది.

షుగర్ అంటే లావుపాటి వాళ్లకే అని మనకి నాటుకుపోయింది. సన్నగా, తిండి చాలక పెరిగినవాళ్లకి వచ్చే షుగర్ గురించి కటక్ వైద్యులు దశాబ్దాల కిందటే రాశారు. అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య 2025లో దానికి టైప్ 5 అని పేరు పెట్టింది. తాతది ఏ రకమో తేల్చాల్సింది డాక్టరే. పెద్ద డాక్టర్‌కి ఒకసారి చూపించుకోమని చీటీ మీదే రాసిచ్చాను.

ఆయనకి రాసింది గ్లిమెపిరైడ్, షుగర్ తగ్గించే మాత్ర. అది వేసుకుని తినకుండా పనికి పోతే చెమటలు పట్టి, ఒళ్లు వణికి, కళ్లు తిరుగుతాయి. తాత పొద్దున్నే మాత్ర మింగి పొలానికి పోయి, ఎండ నెత్తి మీదకి వచ్చాక తింటాడట. కవరు మీద కంచం గీసి, పక్కన మాత్ర గీశాను. "కంచం ముందుంటేనే మాత్ర, తాతా. కళ్లు తిరిగితే బెల్లం ముక్క నోట్లో వేసుకో, తరవాత అన్నం తిను." "షుగరోడికి బెల్లమా?" అని పళ్లు లేని నోటితో ఒకటే నవ్వు.

పది మాత్రలు చాలన్నాడు. ఇంకాసిని ఎక్కువ తీసుకుంటే నయం కదా అంటే చొక్కా జేబు చూపించాడు. సర్కారు ఆసుపత్రిలో నిరామయ పథకం కింద మందులు ఉచితమే, తాతకి ఆ సంగతీ తెలుసు. కానీ మాటిమాటికీ రావాలంటే బస్సు చార్జీ, ఒక రోజు కూలీ పోతాయి. ఆయన లెక్కలో ఉచితం మందు ఖరీదు అదీ. వాళ్ల ఊరి ఆశా వర్కర్ దీదీ నంబరు కవరు వెనకే రాయించుకుని ఉంటే బాగుండేది, వచ్చే వారం వస్తే అడగాలి. మందులు ఆవిడ చేతికే అందే ఏర్పాటు ఏమైనా ఉందేమో ఈలోగా ఆసుపత్రిలో కనుక్కోవాలి.