ఆరులో ఎంతమంది, పదిలో ఎంతమంది?

మా పాప ఇప్పుడు ఆరో తరగతి. ఊరికి మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న జిల్లా పరిషత్ హైస్కూలుకు పోతోంది. ఆ బడిలో చేర్చే ముందు దాదాపు తొమ్మిది నెలలు తిరిగాను. కేంద్ర ప్రభుత్వ హాస్టల్ బడి నవోదయకు పరీక్ష రాయించాను. కర్నూలులో ఒక పెద్ద ప్రైవేటు స్కూలుకు ఐదు వేలు కట్టి పోగొట్టుకున్నాను. ఆడపిల్లల ప్రభుత్వ హాస్టల్ బడి కేజీబీవీ (కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం) దాకా పోయి దరఖాస్తు పెట్టకుండా తిరిగొచ్చాను. ఐదో తరగతి ఆడపిల్ల ఉన్న ప్రతి ఇంట్లోనూ ఈ ఆలోచనలే నడుస్తుంటాయి కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది కర్నూలు జిల్లాలో పడమటి వైపు, ఎమ్మిగనూరు దగ్గర ఒక పల్లె. మా ఆయన ఆదోనిలో పత్తి జిన్నింగ్ మిల్లులో పని చేస్తారు. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. మా వైపు దసరా దాటితే వీధులు బోసిపోతాయి. ఊర్లో పని లేక జనం సుగ్గికి, అంటే కూలి పనికి వలస పోతారు. ముందు పత్తి తీతకు, తరువాత గుంటూరు వైపు మిరపకాయల కోతకు. పోయేటప్పుడు పిల్లల్ని కూడా తీసుకుపోతారు. చంటిబిడ్డను ఎత్తుకోడానికి, అన్నం వండిపెట్టడానికి అక్కరకొస్తుందని ముందు ఆడపిల్లనే బడి మాన్పిస్తారు.

నేను ఆరో తరగతిలో చేరినప్పుడు మా క్లాసులో 22 మంది ఆడపిల్లలం. పదో తరగతి పరీక్ష రాసింది ఏడుగురం. మానేసిన వాళ్లలో నాకంటే బాగా చదివేవాళ్లు ఉండేవాళ్లు. అందులో ఒకామె ఇప్పుడు మా వీధిలోనే ఉంది. బ్యాంకు ఫారం నింపాలంటే నా దగ్గరికొస్తుంది. చిన్నప్పుడు నాకు పదమూడో ఎక్కం నేర్పింది ఆమే. అందుకే పాప విషయంలో ఎవరు ఏ స్కూలు పేరు చెప్పినా నేను ముందు అడగాలనుకున్నది ఒకటే: మీ దగ్గర ఆరులో చేరిన ఆడపిల్లల్లో పదిలో ఎంతమంది ఉన్నారు?

మొదట నవోదయ. మా జిల్లా నవోదయ బనవాసిలో ఉంది, మాకు దగ్గరే. 2024 సెప్టెంబరులో నెట్ సెంటర్‌లో దరఖాస్తు పెట్టాం. దరఖాస్తుకు ఫీజు లేదు. పాప చదివే మండల పరిషత్ బడి హెడ్‌మాస్టరు సర్టిఫికెట్ మీద సంతకం పెట్టి ఇచ్చారు. ఒక స్కూలుకు ఆరో తరగతిలో 80 సీట్ల దాకా ఉంటాయి. వాటిలో కనీసం 75 శాతం పల్లె పిల్లలకు, మూడో వంతు ఆడపిల్లలకు ఇస్తారు. పల్లె కోటా కావాలంటే మూడు, నాలుగు, ఐదు తరగతులు పల్లె బడిలోనే చదివి ఉండాలి. ఈ పరీక్ష ఒక్కసారే రాయాలి, రెండోసారి లేదు.

కోచింగ్‌కు పంపే స్తోమత మాకు లేదు. పాత ప్రశ్నపత్రాల పుస్తకం ఒకటి కొన్నాం. రెండు గంటల్లో 80 ప్రశ్నలు. అందులో సగం, అంటే 40, బొమ్మల ప్రశ్నలే. కాగితం మడిచి చిల్లు పెట్టి విప్పితే ఎట్లుంటుంది, అద్దంలో ఎట్ల కనపడుతుంది, ఇట్లాంటివి. పాపకు అవి ఎంతకూ అర్థం కాలేదు. ఒక రాత్రి మిషను దగ్గరున్న లైనింగు ముక్కను నాలుగు మడతలు పెట్టి కత్తెరతో చిన్న తుంట కోసి, "ఇప్పుడు విప్పితే ఎన్ని చిల్లులుంటాయో చెప్పు" అన్నాను. మొదటిసారి తప్పు చెప్పింది. పదో ముక్కకు విప్పకముందే కాగితం మీద గీసి చూపించింది. ఆ చలికాలమంతా మా ఇంట్లో చిల్లులు పడిన గుడ్డ ముక్కలే. చదువు చెప్పడం నాకూ వస్తుందని నాకు తెలిసింది అప్పుడే.

2025 జనవరి 18న పరీక్ష రాసింది. ఫలితం రాకముందే ఇంట్లో గొడవ మొదలైంది. నవోదయలో తొమ్మిదో తరగతికి వచ్చాక 30 శాతం పిల్లల్ని ఒక ఏడాది హిందీ రాష్ట్రంలోని నవోదయకు పంపుతారని మా ఆయనకు ఎవరో చెప్పారు. అది నిజమే. మా అత్త ఆ మాట విని రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. "పద్నాలుగేండ్ల పిల్లను అంత దూరం ఎట్ల పంపిస్తావమ్మా" అని నన్నే అడిగేది. సీటు వస్తే పంపించాల్సిందేనని నేను పట్టుబట్టాను. మార్చిలో జాబితా వచ్చింది. పాప నంబరు లేదు. "ఇంకోసారి రాయొచ్చా అమ్మా?" అని అడిగింది. లేదని చెప్పాను. ఆ రాత్రి దుప్పటి ముసుగేసుకుని ఏడ్చింది, నేను వినలేదనుకుంది.

ఆ వారంలోనే కర్నూలు స్కూలు పీఆర్వో ఇంటికొచ్చాడు. నవోదయ రాసిన పిల్లల ఫోన్ నంబర్లు వాళ్లకెట్ల దొరుకుతాయో తెలియదు, మా ఊర్లో ముగ్గురి ఇళ్లకు వచ్చాడు. మా మరిది కూడా మంచి స్కూలేనన్నాడు. శనివారం పాపను తీసుకుని బస్సెక్కాం. ఆఫీసు గది గోడ మీద ర్యాంకుల ఫోటోలు. హాస్టల్‌తో కలిపి ఏడాదికి లక్షా పదివేలు, పుస్తకాలు, యూనిఫాం వేరే అన్నారు. బడికి పోయే పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బులు కూడా వస్తాయంటున్నారు కదా, భారం తగ్గుతుంది అన్నారు. నేను నా ప్రశ్న అడిగాను. ఆఫీసులో ఉన్నాయన గోడ మీది ఫోటోలు చూపించాడు. మళ్లీ అడిగాను. "మా దగ్గర డ్రాపౌట్లు ఉండరు మేడమ్" అన్నాడు. రిజిస్టరు చూడొచ్చా అంటే, అది హెడ్డాఫీసులో ఉంటుందన్నాడు. ఈ రోజు కడితే పదివేలు తగ్గింపు అనేసరికి మా ఆయన ఐదు వేలు అడ్వాన్సు కట్టేశారు.

రసీదు తీసుకుని బయట కూర్చున్నప్పుడు కోడుమూరు నుంచి వచ్చిన ఒక తల్లి కలిసింది. వాళ్ల పెద్దమ్మాయి అక్కడే పది చదివిందట. హాల్‌టికెట్ మీద మాత్రం వేరే స్కూలు పేరు వచ్చిందట. పదో తరగతి దాకా గుర్తింపు లేని చోట పిల్లల్ని ఇంకో స్కూలు లెక్కలో చూపించి పరీక్ష రాయిస్తారని ఆమె వివరంగా చెప్పింది. రేపు లోకల్ అభ్యర్థి అని నిరూపించుకోవాలంటే నాలుగు నుంచి పది వరకు స్టడీ సర్టిఫికెట్లు కావాలి. పిల్ల ఒక చోట చదివి, కాగితాలు ఇంకో చోట ఉంటే ఆ తిరుగుడు ఎవరు తిరగాలి? వెంటనే లోపలికి పోయి, రికగ్నిషన్ ఏ తరగతి దాకా ఉందో కాగితం చూపించమన్నాను. "అవన్నీ మేం చూసుకుంటాం మేడమ్" అన్నారు. డబ్బు వెనక్కి ఇమ్మంటే, రసీదు వెనుక సన్న అక్షరాల్లో ఇవ్వబోమని రాసి ఉంది. ఆ తరువాత రెండుసార్లు పోయినా పైసా రాలేదు. ఐదు వేలంటే నాకు నలభై యాభై జాకెట్ల కుట్టుకూలి. అడ్వాన్సు ఇచ్చే ముందే గుర్తింపు కాగితం అడగాల్సింది. మీరు మాత్రం ముందే అడగండి. ఉన్నవాళ్లు చూపిస్తారు.

తరువాత కేజీబీవీ. దీని గురించి మా వైపు అందరికీ గౌరవం. 2024లో మా జిల్లా ఆస్పరి కేజీబీవీ అమ్మాయి ఇంటర్ ఫస్టియర్ బైపీసీలో 440కి 421 మార్కులు తెచ్చుకుంది. ఇంట్లో పెళ్లి చేయబోతే అధికారులు ఆపి చదువుకు పంపిన పిల్ల ఆమె. ఆ వార్త వచ్చిన రోజు మా ఊరి పొదుపు సంఘం మీటింగులో అప్పుల మాట పక్కన పెట్టి దాని గురించే మాట్లాడుకున్నాం.

నేను పోయిన కేజీబీవీలో ఎస్ఓ (స్పెషల్ ఆఫీసరు) మేడమ్ నన్ను కూర్చోబెట్టి అరగంట మాట్లాడారు. ఆరు నుంచి ఇంటర్ దాకా, ఉండడం, తినడం, చదువు అన్నీ ఉచితం. ఆరో తరగతిలో 40 సీట్లు. పరీక్ష లేదు. తల్లీ తండ్రీ లేని పిల్లలకు, ఒకరే ఉన్నవాళ్లకు, మధ్యలో బడి మానేసిన వాళ్లకు ముందు ఇచ్చి, తరువాత పేద కుటుంబాల పిల్లలకు ఇస్తారు. "దరఖాస్తు పెట్టండమ్మా, రావచ్చు, రాకపోవచ్చు" అన్నారు. నేను అడగకుండానే పదో తరగతి గదిలోకి తీసుకుపోయి పిల్లల్ని చూపించారు. ఎవరెవరు ఎక్కడి నుంచి వచ్చారో ఒక్కొక్కరి గురించి చెప్పారు.

బయటికి వచ్చేటప్పుడు గేటు దగ్గర ఒక అవ్వ, మనవరాలు కూర్చుని ఉన్నారు. పిల్ల తల్లిదండ్రులు సుగ్గికి పోయి ఇంకా రాలేదట. నెట్‌లో దరఖాస్తు ఎట్ల పెట్టాలో తెలియక నేరుగా బడికే వచ్చారు. వాళ్లను నెట్ సెంటర్‌కు తీసుకుపోయి దరఖాస్తు పెట్టించాను. మా పాపకు పెట్టలేదు. మా ఆయన కోప్పడ్డారు, అర్హత ఉన్నప్పుడు ఎందుకు వదులుకోవాలన్నారు. ఆయన మాటా తప్పు కాదు. కానీ రాత్రి పాపను పక్కన పడుకోబెట్టుకుని ఎక్కాలు చెప్పించుకోగల ఇల్లు మాకుంది. ఆ పిల్లకు లేదు. నా మనసు ఒప్పలేదు.

మోడల్ స్కూలు మాకు దూరం. చిన్న తరగతులకు హాస్టల్ లేదు. దాన్ని అక్కడితో వదిలేశాం.

చివరికి, ముందు నుంచీ దగ్గరే ఉన్న హైస్కూలుకు పోయాను. మధ్యాహ్నం అన్నం వేళకు కావాలనే పోయాను. ఆడపిల్లల బాత్రూములు చూశాను. నాలుగుంటే ఒకదానికి గడియ లేదు, నీళ్లు మాత్రం అన్నింట్లో వస్తున్నాయి. అన్నం వేడిగా ఉంది. లెక్కల టీచరు పోస్టు ఖాళీ, వారంలో మూడు రోజులు పక్క బడి సారు వచ్చి చెప్తున్నారు. ఇది నన్ను బాగా భయపెట్టింది. హెడ్‌మాస్టరు దాచలేదు, డీఎస్సీ (టీచర్ల నియామకం) పడితే కొత్త టీచరు వస్తారని ఆశ అన్నారు.

ఆయనకూ నా ప్రశ్నే వేశాను. ఒక్క నిమిషం నా వైపు చూసి, బీరువాలోంచి అడ్మిషన్ రిజిస్టరు తీశారు. "ఇప్పుడు పది రాసిన బ్యాచి ఆరులో చేరినప్పుడు 34 మంది ఆడపిల్లలమ్మా. పది రాసింది 23." తక్కువే. కానీ ఆయన అక్కడితో ఆపలేదు. పేరు మీద వేలు పెట్టి చెప్తూ పోయారు. నలుగురు కేజీబీవీకి పోయారు, ఒకరు మోడల్ స్కూలుకు. ఇద్దరు తల్లిదండ్రులతో బెంగుళూరుకు, కట్టడం పనికి. ఒకరు మేనమామ ఊర్లో చదువుతోంది. మిగతా ముగ్గురి దగ్గర ఆయన గొంతు తగ్గింది. "ముగ్గురికి పెళ్లిళ్లు చేసేశారు. ఇంకో పెళ్లి పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేసి ఆపించాం, ఆ పిల్ల ఈ 23 మందిలో ఉంది."

బడి వదిలి పోయిన పదకొండు మంది ఎక్కడున్నారో చెప్పగలిగిన మనిషి దగ్గర నా బిడ్డను ఉంచొచ్చు అనిపించింది. అప్పటికే మనసులో ఖాయం చేసుకున్నాను.

ఆయన ఇంకో రెండు సంగతులు చెప్పారు. ఇవి తెలియక చాలామంది పోగొట్టుకుంటున్నారు. ఇలాంటి ప్రభుత్వ బడిలో ఎనిమిదో తరగతిలో ఎన్ఎంఎంఎస్ పరీక్ష రాయొచ్చు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లు ఏడాదికి 12,000 స్కాలర్‌షిప్. కుటుంబ ఆదాయం మూడున్నర లక్షల లోపు ఉండాలి. ప్రైవేటు బడి పిల్లలకు, హాస్టల్ బడుల పిల్లలకు ఇది వర్తించదు. రెండోది, ఇడుపులపాయలో ఉన్నలాంటి ట్రిపుల్ ఐటీల్లో సీట్లు పదో తరగతి మార్కుల మీదే ఇస్తారు. హాస్టల్ లేని ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకు అక్కడ 4 శాతం కలుపుతారు. ఈ ముక్క చెప్పాకే మా ఆయన మెత్తబడ్డారు.

కాగితాల పని అనుకున్నంత కష్టం కాలేదు. పాత బడి నుంచి రికార్డు షీటు, ఆధార్, కుల ధ్రువీకరణ పత్రం. ఆధార్‌లో ఇంటిపేరు ఒక అక్షరం తేడా ఉంటే మేలోనే సరిచేయించాం. చేయించుకునేవాళ్లు జూన్ దాకా ఆగొద్దు, అప్పుడు సెంటర్ల దగ్గర నిలబడలేం.

2025 జూన్ 12న బడి తెరిచారు. మా వీధి నుంచి నలుగురు ఆడపిల్లలు కలిసి పోతున్నారు. పల్లెవెలుగు బస్సు వస్తే బస్సు, రాకపోతే నడక. తల్లికి వందనం 13,000 పడితే పాపకు సైకిల్ కొన్నాం. కానీ మిగతా ముగ్గురికి లేదని ఆమె దాన్ని తోసుకుంటూ వాళ్లతో నడుస్తోంది. లెక్కలు రాత్రిపూట నేనే చెప్తున్నాను, భిన్నాలు వచ్చినప్పుడు మళ్లీ గుడ్డ ముక్కలు తీశాను.

ఆరో తరగతిలో ఆడపిల్లలు 29 మంది. పేర్లన్నీ పాప చేత ఒక నోటు పుస్తకంలో రాయించాను. దీపావళి తరువాత ఇద్దరు రావడం లేదని చెప్పింది. ఒకరు వాళ్ల పెద్దమ్మ ఇంట్లో ఉండి మళ్లీ బడికొస్తోంది. ఇంకొక పిల్ల తల్లిదండ్రులతో పత్తి తీతకు పోయింది. వాళ్ల నాయన ఫోన్ నంబరు హెడ్‌మాస్టరు దగ్గర తీసుకున్నాను. పగలు చేస్తే చేనులో ఉంటారు, ఎత్తరు. రాత్రి ఏడు దాటాక చేస్తున్నాను. నిన్న ఆ పిల్లే ఎత్తింది. ఏ పాఠం జరుగుతోందని మా పాపను అడిగింది.