అరవై గ్రాముల చెక్క చేప

మొదట తెలిసింది నల్లబల్ల దగ్గర. పదో తరగతికి వర్గ సమీకరణాలు చెబుతూ, రెండో వరుస రాయడానికి చెయ్యి పైకెత్తాను. కుడి మోచేయి బయటి వైపు, ఎముక గుండ్రంగా తగిలే చోట, కాల్చిన సూది గుచ్చినట్టయింది. సుద్దముక్క జారి పడింది. ముందు బెంచీ అమ్మాయి తీసిచ్చింది. మళ్లీ రాయబోతే మళ్లీ అదే పోటు. ఆ రోజు మిగతా లెక్కలన్నీ పిల్లల చేతే బోర్డు మీద చేయించాను.

కారణం నాకు అప్పుడే తెలుసు. ఒప్పుకోవడానికి మాత్రం రెండు నెలలు పట్టింది.

మాది కర్నూలు. వానలు తగ్గి తుంగభద్ర నీళ్లు తేటపడే అక్టోబరు, నవంబరు నెలల్లో ఆదివారమైతే చాలు, తెల్లారకముందే బైకు తీసి సుంకేసుల వైపు పోతాను. కేసీ కాలువ మొదలయ్యేది అక్కడే. ఆనకట్టకు బాగా కింద, ఏటిలో బండల మధ్య మడుగులుంటాయి. చిన్నప్పుడు నాయన వెంట పోయి వెదురు కట్టెకు దారం కట్టి, వానపాము ఎరతో జెల్లలు పట్టినవాణ్ణి. ఇప్పుడు రాడ్డు, దారం చుట్టే రీలు, లూర్లనే బొమ్మ ఎరలు వచ్చాయి. బొమ్మ చేపను దూరంగా విసిరి, బతికున్న చేపలా ఆడిస్తూ వెనక్కి చుట్టుకోవాలి. కొర్రమీనుకు పది పన్నెండు గ్రాముల రబ్బరు కప్ప సరిపోతుంది. నాకు వాలుగ మీద ఆశ పుట్టింది. దాని కోసం 60 గ్రాముల చెక్క చేపను తెప్పించుకున్నాను. జానెడు పొడవు, కడుపు కింద రెండు మూడుముళ్ల గాలాలు.

నా రాడ్డు పిడి పైన 10 నుంచి 30 గ్రాములు అని రాసి ఉంది. దానికి రెండింతల బరువు కట్టాను. తగిన బరువైతే రాడ్డు విల్లులా వంగి, తిరిగి లేచేటప్పుడు అదే బొమ్మను విసురుతుంది. బరువు ఎక్కువైతే వంగిన రాడ్డులో లేచే సత్తువ ఉండదు. అప్పుడు మణికట్టును విదిలించి మనమే విసరాలి. మోచేతిని ఒంటికి దూరంగా పెట్టి, ఒంటిచేత్తో, గంటకు నలభై సార్ల చొప్పున ఐదు గంటలు విసిరాను. అలా వరసగా నాలుగు ఆదివారాలు. బొమ్మను వెనక్కి చుట్టేటప్పుడూ విశ్రాంతి లేదు. దాని మూతికున్న రేకు నీటిని కోస్తూ అదురుతుంటే, ఆ అదురు పిడి గుండా ముంజేతిలోకి ఎక్కుతూనే ఉంటుంది.

రెండు నెలలు బామ్ రాశాను, ఉప్పు మూటతో కాపడం పెట్టాను. మా మామ పుత్తూరు పోయి కట్టు కట్టించుకోమన్నాడు. విరిగింది ఎముక కాదని ఆయనకు ఎట్లా చెప్పాలో తెలియలేదు, ఎందుకంటే ఏది దెబ్బతిన్నదో నాకూ తెలియదు. తడి టవల్ పిండలేకపోయాను. నీళ్ల చెంబు అరచెయ్యి కింద పెట్టి ఎత్తితే బాగానే ఉండేది, పైనుంచి పట్టి ఎత్తితే ప్రాణం పోయేది. పొద్దున లేచేసరికి మోచేయి బిగుసుకుపోయి ఉండేది.

ఎముకల డాక్టరు గారు ఎక్స్‌రే తీయించారు, ఏమీ లేదు. మెడ తిప్పించి చూశారు, వేళ్లలో తిమ్మిరి ఉందా అని అడిగారు. తర్వాత చెయ్యి చాపి, పిడికిలి బిగించి, మణికట్టు పైకి లేపమన్నారు. ఆయన పైనుంచి నొక్కగానే మోచేయి దగ్గర సరిగ్గా అదే పోటు. “టెన్నిస్ ఎల్బో,” అన్నారు. మణికట్టును పైకెత్తే కండరాలు సన్నటి తాడులా మోచేయి బయటి ఎముకకు అతుక్కుంటాయి. ఆ తాడు మోయలేని పని మళ్లీ మళ్లీ చేస్తే అందులోని పోగులు చెదిరిపోతాయి. అక్కడికి నెత్తురు పారడం తక్కువ కాబట్టి త్వరగా మానదు. టెన్నిస్ ఆడేవాళ్ల పేరు పెట్టినా, ఈ నొప్పి వచ్చేవాళ్లలో ఎక్కువ మంది రాకెట్ పట్టనివాళ్లే. 1873లో రుంగే అనే జర్మన్ డాక్టరు దీని గురించి మొదట రాసినప్పుడు రాతపని చేసేవాళ్ల నొప్పిగానే రాశాడట. నాకు గాలం ఒకటి, సుద్దముక్క ఒకటి, రెండూ ఆ చేతికే.

ఇక్కడ నేను చేసిన పొరపాటు చెప్పాలి. త్వరగా తగ్గాలన్న ఆత్రంతో జనవరిలో వేరే చోటికి పోయి మోచేతిలో స్టెరాయిడ్ సూది వేయించుకున్నాను. మూడో రోజుకు నొప్పి మాయం. నెల తిరక్కుండా నది దగ్గరికి పోయాను, అదే చెక్క చేపతో. ఫిబ్రవరి చివరికి కాఫీ కప్పు ఎత్తలేని స్థితికి వచ్చాను. ఆస్ట్రేలియాలో 165 మంది మీద చేసిన పరిశోధన 2013లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చింది. స్టెరాయిడ్ సూది వేయించుకున్నవాళ్లలో 54 శాతం మందికి నొప్పి తిరగబెట్టింది, మందు లేని సూది వేసినవాళ్లలో 12 శాతానికే. ఈ సంగతి నాకు చెప్పింది మార్చిలో కలిసిన ఫిజియోథెరపిస్టు. ముందే తెలిసి ఉంటే ఆ సూది వేయించుకునేవాణ్ణి కాదు.

ఆమె వయసులో నాకంటే చాలా చిన్నది. “సార్, పూర్తిగా విశ్రాంతి ఇస్తే ఆ తాడు ఇంకా బలహీనమవుతుంది. ఎక్కువ పని చెబితే చెదురుతుంది. మధ్యలో ఎంత మోయగలదో అంతే పెడదాం,” అంది. మొదటి రెండు వారాలు కదలిక లేని పనే. బల్ల కిందికి చెయ్యి పెట్టి, చేతి వెనుక వైపుతో బల్లను పైకి నెడుతూ నలభై సెకన్లు బిగబట్టాలి, ఐదు సార్లు. ఆ తర్వాత సీసా. ముంజేతిని బల్ల మీద ఆనించి, అరచెయ్యి కిందికి ఉండేలా మణికట్టును అంచు బయటికి వదలాలి. అర లీటరు సీసాలో సగం నీళ్లు పోసి పట్టుకోవాలి. ఎడమ చేత్తో సాయం పట్టి పైకి లేపి, సాయం వదిలేసి, కుడి చేత్తో ఒంటరిగా దించాలి. ఐదు అంకెలు లెక్కపెట్టేంత నెమ్మదిగా. పదిహేను సార్లు, మూడు విడతలు. కొంచెం నొప్పి ఉండొచ్చు, మర్నాటి పొద్దుటికి మిగలకూడదు. మిగిలితే నీళ్లు తగ్గించాలి. బోర్డు మీద రాసేటప్పుడు మాత్రం మోచేతికి రెండు వేళ్ల కింద పట్టీ బిగించుకునేవాణ్ణి.

సగం సీసా నుంచి నిండు సీసాకు రావడానికి ఐదు వారాలు పట్టింది. ఏప్రిల్ అంతా టెన్షన్‌తోనే గడిచింది. ఒక రోజు బాగుంటుంది, ఇంకో రోజు తలుపు గొళ్లెం తీసినా లాగేస్తుంది. మే నెలలో ఒక సాయంత్రం నది దగ్గరికి ఊరికే పోయాను. బండలు తేలి ఉన్నాయి, నేను విసిరిన మడుగు గుంటగా మిగిలింది, అందులో బర్రెలు పడుకున్నాయి. అక్కడ కాసేపు కూచొని ఇంటికి వచ్చి సీసా పట్టుకున్నాను.

ఒక రాత్రి అలా దించుతుంటే అమ్మ వచ్చి పక్కన నిలబడింది.

“ఏమి రా అది, చెయ్యి అట్ల ఏలాడేసినావు?”

చెప్పాను. ఎక్కడ నొప్పో వేలు పెట్టి చూపించాను. అమ్మ తన కుడి మోచేతి మీద అదే చోట వేలు పెట్టుకుంది.

“నాకూ ఇక్కడే. పదేండ్ల నుంచి ఉంది.”

“మరి చెప్పలేదేమ్మా?”

“జొన్నరొట్టె తట్టే చెయ్యి, గుడ్డలు పిండే చెయ్యి. నొయ్యకుండా ఉంటాదా?”

రొట్టె పెనాన్ని ఎడమ చేత్తో దించడం ఆమె అలవాటనుకున్నాను ఇన్నాళ్లూ. చలికాలం మోచేతికి పాత పంచె పీలిక చుట్టుకునేది. అదీ రోజూ చూసిందే. నాకు నాలుగు ఆదివారాల నొప్పికి ఇద్దరు డాక్టర్లు, ఒక సూది, ఒక ఫిజియో. ఆ వారమే అమ్మను ఫిజియో దగ్గరికి తీసుకుపోయాను. గుడ్డలు పిండే పని ఆ రోజు నుంచి నాది. ఎడమ చేత్తో మొదలుపెట్టి, కొళాయికి ఒక చివర చుట్టి మెలిపెడతాను.

సెప్టెంబరుకల్లా కిలోన్నర డంబెల్ నొప్పి లేకుండా దించగలిగాను. అప్పుడు మళ్లీ రాడ్డు పట్టాను. చెక్క చేపను పెట్టెలో పెట్టేసి 18 గ్రాముల రేకు చేప కట్టాను. ఇప్పుడు రెండు చేతులతో విసురుతాను. కుడి చెయ్యి పైన ఇరుసులా ఉంటుంది, ఎడమ చెయ్యి పిడి చివరను కడుపు వైపు లాగుతుంది, మోచేయి డొక్కకు ఆని ఉంటుంది. బొమ్మను రాడ్డు కొస నుంచి రెండడుగులు వేలాడనిచ్చి, రాడ్డు వంగే దాకా ఆగుతాను. ఇరవై విసుర్లకోసారి రాడ్డు కింద పెట్టి నీళ్లు తాగుతాను. గాలం బండకు పట్టుకుంటే రాడ్డుతో గుంజను. చేతికి తువ్వాలు చుట్టి, దాని మీద దారం మెలేసి, వెనక్కి నడుస్తాను. మునుపు ఆ గుంజుడే సగం చేటు చేసి ఉంటుందని ఫిజియో అంది. చెక్క చేపను మళ్లీ విసరాలంటే దానికి తగిన పొడుగు రాడ్డు కొనాలి. ఇంకా కొనలేదు.

నవంబరులో ఒక కొర్రమీను పడింది, కిలోకు తక్కువే. అది గుంజుతున్నంతసేపూ నా ధ్యాస దారం మీద లేదు, మోచేతి మీదే. పోటు రాలేదు.

అమ్మ రాత్రి టీవీ ముందు కూచొని సీసా దించుతుంది. అంకెలు గట్టిగా లెక్కపెడుతుంది, ఒక్కోసారి నాలుగు దగ్గర సీరియల్‌లో పడి మర్చిపోయి మళ్లీ మొదలుపెడుతుంది. నిన్న సీసా నా చేతికిచ్చి, ఇంకొంచెం నీళ్లు పొయ్యమంది.