నర్సింగ్ చదువులో నన్ను గట్టెక్కించిన ‘అ’

మాది ఉద్దానం, కవిటి దగ్గర పల్లె. కిడ్నీ జబ్బు సంగతి తెలియని ఇల్లు మా వైపు ఉండదు. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష), డయాలసిస్ అనే మాటలు చిన్నపిల్లల నోట కూడా వినబడతాయి. ఆ ఊళ్లో పుట్టినందుకే జీఎన్ఎం (జనరల్ నర్సింగ్, మిడ్‌వైఫరీ) చదవాలనుకున్నాను. తీరా శ్రీకాకుళం వచ్చి హాస్టల్లో చేరాక మొదటి ఏడాది టెన్షన్ అంతా పేర్లతోనే. పదో తరగతి దాకా తెలుగు మీడియం. అనీమియా, అనూరియా, ఆలిగూరియా, డిస్యూరియా, హైపర్‌కలీమియా, హైపోకలీమియా... రాత్రి బట్టీ పట్టినవి తెల్లారేసరికి కలగాపులగం అయిపోయేవి.

దారి చూపించింది ఇంటర్‌లో చదివిన సంస్కృతం. బైపీసీ పిల్లలం చాలామందిమి మార్కుల కోసమే అది తీసుకుంటాం. నేనూ అంతే. కానీ మెడికల్ డిక్షనరీలో అనూరియా దగ్గర ‘అన్ అంటే లేకపోవడం, యూరియా అంటే మూత్రానికి సంబంధించినది’ అని చూడగానే నఞ్ తత్పురుష సమాసం గుర్తొచ్చింది. ‘కాదు, లేదు’ అనే అర్థమిచ్చే ‘న’కి వ్యాకరణంలో పేరు నఞ్, మాట ముందు చేరేటప్పుడు అది ఇలా మారుతుంది. న్యాయం కానిది అన్యాయం, అంతం లేనిది అనంతం. హల్లు ముందు ‘అ’, అచ్చు ముందు ‘అన్’. ‘నలోపో నఞః’, ‘తస్మాన్నుడచి’ అని పాణిని ఈ పద్ధతికి పక్కపక్కనే రెండు సూత్రాలు చెప్పాడు.

గ్రీకులోనూ అదే లెక్క. ఊపిరి ఆగితే అప్నియా, సూక్ష్మక్రిములు లేకుండా చేస్తే అసెప్సిస్. అచ్చు వస్తే మాత్రం అనూరియా, అనస్థీషియా. రక్తానికి గ్రీకులో హైమా అని పేరు. ముందు ‘అన్’ చేరి, మధ్యలో హకారం జారిపోయి అనీమియా అయింది. కేస్ షీట్‌లో రాసే అన్‌కాన్షస్‌లోని ‘అన్’, నిద్ర పట్టని ఇన్‌సోమ్నియాలోని ‘ఇన్’ కూడా ఈ కుటుంబానివే. ఒకటి ఇంగ్లీషు సొంతం, రెండోది లాటిన్‌ది. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పిన మాట చదివాక, ఈ పోలిక ఏదో యాదృచ్ఛికం కాదని ధైర్యం వచ్చింది.

అక్కడే ఒక సందేహం పట్టుకుంది. రక్తం అసలే లేకపోతే మనిషి బతకడు కదా, మరి అనీమియా అని ఎలా అంటారు? దీనికి జవాబు కూడా పాత నోట్సులోనే దొరికింది. నఞ్‌కి అర్థాలు ఆరని మన వ్యాకరణం చెబుతుంది: సాదృశ్యం (పోలిక), అభావం (లేకపోవడం), అన్యత్వం (వేరు కావడం), అల్పత (తక్కువ కావడం), అప్రాశస్త్యం (మంచిది కాకపోవడం), విరోధం. అధర్మం అంటే ధర్మానికి విరోధం. అకాల వర్షంలో కాలం లేకుండా పోలేదు, వాన వేళ కాని వేళ కురిసింది. నాకు పనికొచ్చింది మాత్రం నాలుగోది, అల్పత. సన్నని నడుము గల అమ్మాయిని ‘అనుదరా కన్యా’ అంటారు. మాట ప్రకారం పొట్ట లేని పిల్ల, భావం ప్రకారం పొట్ట సన్నగా ఉన్న పిల్ల. అనీమియా అచ్చంగా ఇదే. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తగ్గితే అనీమియా అని రాస్తాం. మా ఊరి ఆడవాళ్లు ‘రగతం తక్కువుందంట’ అంటారు. వాళ్లు ఏ వ్యాకరణమూ చదవకుండానే అల్పతను పట్టుకున్నారు. నాకు అది భలే నచ్చింది.

ఆ తర్వాత మాట ముందు చేరి అర్థం మార్చే ఇరవై రెండు ఉపసర్గలనూ ముందేసుకున్నాను. ‘అ’ వాటిలో చేరదు, దాని దారి వేరు. ఒకే ధాతువు (క్రియ మూలం) ముందు ఉపసర్గ మారితే ప్రహారం, ఆహారం, సంహారం, విహారం, పరిహారం అని అర్థం ఎక్కడికో పోతుందని క్లాసులో చెప్పింది ఇక్కడ బాగా పనికొచ్చింది. ‘దుస్’కి గ్రీకు తోబుట్టువు ‘డిస్’. దుర్వాసన, దుష్ప్రభావం తెలిసినవాళ్లకి మంటతో మూత్రం వచ్చే డిస్యూరియా కష్టం కాదు. ‘పరి’ అంటే చుట్టూ. పొట్టలోని అవయవాలను చుట్టి ఉండే పొర పెరిటోనియం. అందరినీ తికమక పెట్టే హైపర్, హైపోలకు నా గుర్తు ఉపరి, ఉప. ఉపరితలం పైన ఉంటుంది కాబట్టి హైపర్ ఎక్కువ. ఉపాధ్యక్షుడు అధ్యక్షుడి కింద, కాబట్టి హైపో తక్కువ. ఇవి గుర్తు కోసం కల్పించుకున్నవి కావు, నిజంగా చుట్టాలే. డయాలసిస్ వార్డులో హైపర్‌కలీమియా అంటే పొటాషియం పెరిగి గుండె ఆగే ప్రమాదం ఉంది. అక్కడ ఈ రెండూ తారుమారు కాకూడదు.

అయితే పోలిక కనబడిందల్లా చుట్టరికం అనుకోకూడదు. అనాటమీలో ఉన్నది ‘అన్’ కాదు, ‘పైకి, పూర్తిగా’ అనే ‘అనా’. డిసీజ్‌లోని ‘డిస్’ లాటిన్‌ది, విడిపోవడాన్ని చెబుతుంది. గ్రీకు ‘డిస్’ని వై అక్షరంతో రాస్తారు. ఇంజెక్షన్‌లోని ‘ఇన్’కి అర్థం లోపలికి. గర్భిణుల కార్డు మీద ఉండే యాంటీనేటల్‌లో ‘యాంటీ’ అంటే ముందు, యాంటీబయాటిక్‌లో వ్యతిరేకం. స్పెల్లింగ్ చూడకుండా చెవితో నేర్చుకుంటే ఇక్కడ దెబ్బతింటాం. జూనియర్లకు ఇది గట్టిగా చెబుతుంటాను.

తెలుగు మాత్రం ఈ కుటుంబంలోది కాదు. దక్షిణాది భాషలది వేరే కుటుంబమని ఫ్రాన్సిస్ ఎల్లిస్ 1816లోనే చూపించాడు. మన సొంత మాటల్లో ‘కాదు, లేదు’ అనేది ముందు రాదు, వెనక చేరుతుంది. తెలిసిన, తెలియని, అవుతోంది, అవ్వట్లేదు. అందుకే మంచం దగ్గర నేను అనూరియా అనను. “ఒంటికి అవుతోందా పెద్దమ్మా?” అని అడుగుతాను. “అవ్వట్లేదమ్మా” అంటే అభావమా, అల్పతా అన్నది కొలిస్తేగానీ తెలియదు. ఇరవై నాలుగు గంటలకు 400 మిల్లీలీటర్ల లోపు వస్తే ఆలిగూరియా అని, 100 కూడా రాకపోతే అనూరియా అని చార్టులో రాసి డాక్టరు గారికి చెబుతాను.