రెండు రైళ్ల మధ్య కొలోన్ కెథడ్రల్

బ్రస్సెల్స్ నుంచి మైంజ్‌కు వెళ్తూ జర్మనీలోని కొలోన్‌లో రైలు మారాలి. తర్వాతి రైలుకు ఇంకా వ్యవధి ఉండేట్టు కావాలనే టికెట్లు తీసుకున్నాను. పెట్టెలు స్టేషన్ లాకరులో పెట్టి నేను, మా ఆవిడ బయటికి వచ్చాం. దారి అడగాల్సిన పనే లేదు. ఎదురుగా మెట్లు, మెట్ల పైన కెథడ్రల్ అనే ఆ పెద్ద చర్చి.

జంట శిఖరాల ఎత్తు 157 మీటర్లు. అంకె ముందే తెలిసినా, దగ్గర నిలబడి తలెత్తితే గాని అది ఎంతో అర్థం కాలేదు. రాయి చాలాచోట్ల మసిబారి నల్లగా ఉంది. 1859 నుంచీ పక్కనే స్టేషన్, దశాబ్దాల తరబడి బొగ్గు ఇంజన్లు. రెండో ప్రపంచ యుద్ధంలో చుట్టూ నగరం నేలమట్టమైంది. కెథడ్రల్‌కూ బాంబులు తగిలాయి, అయినా కూలలేదు.

నన్ను ఇక్కడికి లాగింది మాత్రం ఎత్తు కాదు, ఈ కట్టడం ఆగిపోయి మళ్లీ మొదలైన కథ. 1248లో శంకుస్థాపన జరిగింది. 16వ శతాబ్దంలో పని నిలిచిపోయింది. దక్షిణ శిఖరం సగంలో ఉండిపోయింది, దాని మీద రాళ్లు పైకి లాగే చెక్క క్రేన్ కూడా అలాగే ఉండిపోయింది. మూడు శతాబ్దాలకు పైగా ఊరివాళ్లకు కెథడ్రల్ అంటే ఆ క్రేనే. లేపాక్షిలో కల్యాణ మంటపం ఆగిపోయింది కూడా ఆ 16వ శతాబ్దంలోనే. అది నేటికీ కప్పు లేకుండా స్తంభాలతో నిలిచి ఉంది. కొలోన్‌లో మాత్రం 1842లో మళ్లీ ఉలి పట్టారు. పడమటి ముఖభాగానికి మధ్యయుగంలో గీసిన నమూనా రెండు ముక్కలై, ఒకటి 1814లో డార్మ్‌స్టాట్‌లో, రెండోది 1816లో పారిస్‌లో దొరికింది. ఆ పాత గీతలనే అనుసరించి 1880లో పూర్తి చేశారు. సొంత నమూనా వేసుకోగల సత్తా ఉండి కూడా, ఎప్పుడో పోయిన స్థపతి గీతకు కట్టుబడ్డారు. ఆ వినయం నాకు శిఖరాల కంటే గొప్పగా అనిపించింది.

లోపల, ప్రధాన బలిపీఠం వెనుక బంగారు మందసం ఉంది. బాలయేసును చూడవచ్చిన తూర్పు దేశపు జ్ఞానుల అస్థికలు ఇందులో ఉన్నాయని భక్తుల విశ్వాసం. 1164లో వాటిని మిలాన్ నుంచి తెచ్చాక యాత్రికులు పోటెత్తారు. ఇంత పెద్ద ఆలయం తలపెట్టడానికి అదొక కారణం. జనం గుమిగూడి ఉండటంతో దూరం నుంచే చూశాం.

మేము ఎక్కువసేపు గడిపింది దక్షిణపు కిటికీ ముందు. చిత్రకారుడు గెర్హార్ట్ రిక్టర్ రూపకల్పనలో 2007లో అమర్చిన అద్దాలవి. సాధువులు లేరు, కథలు లేవు. 72 రంగుల్లో 11 వేలకు పైగా చిన్న చదరాలు, అంతే. ఏ రంగు పక్కన ఏ రంగు రావాలో చాలావరకు కంప్యూటర్ యాదృచ్ఛికంగా ఎంచింది. అంత పాత ఆలయానికి ఇది నప్పదని అప్పట్లో కొందరు అభ్యంతరపెట్టారు. నేను ఒప్పుకోను. ఎండ కాసినప్పుడు నేల మీద పరుచుకున్న ఆ ఎరుపు, నీలం, పసుపు చూస్తే చాలు. మా ఆవిడ “గోపురం వద్దు, ఇక్కడే కూర్చుందామండీ” అంది. దక్షిణ శిఖరానికి 533 మెట్లు. ఎక్కి దిగే వ్యవధి మాకెలాగూ లేదు.

బయటికి వచ్చాక ఒక పక్క పరంజా కనిపించింది. కెథడ్రల్‌కు సొంత శిల్పశాల ఉంది. శిథిలమైన రాయిని తీసి కొత్తది చెక్కి పెట్టే పని ఏడాది పొడవునా సాగుతుంది.

రైన్ నది వెంట రైల్లో వెళ్లేవారు కొలోన్‌లో ఒకటి రెండు గంటలు మిగిలేట్టు టికెట్టు తీసుకోండి. ప్రార్థనలు జరిగేటప్పుడు సందర్శకులను లోపల తిరగనివ్వరు, ఆ వేళలు ముందే తెలుసుకోండి. వీలైతే ఎండ ఉన్న పూట వెళ్లండి, ఆ కిటికీ కోసం.